మరరంపము ఎన్నిక: బలము, అదురు, బాగుచేత

చెట్లు నరకుటకును, దుంగలు కోయుటకును వాడబడు గొలుసు మరరంపము నేడు మన దేశములో మారుమూల పల్లెలకు సైతము చేరినది. దీనిని జనులు కోత మిషను అనియు, చైన్ రంపమనియు పిలుచుచున్నారు. సరుగుడు, నీలగిరి, సుబాబుల్ తోటలలో కాగితపు మిల్లులకై కర్ర కోయు కూలీలును, గాలివానకు దారులపై కూలిన వృక్షములను తొలగించు సిబ్బందియు దీనిని వాడుచున్నారు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు మూసుకొనిపోయిన వీథులను తెరచుటకు ఇట్టి రంపములే ఉపకరించినవి. గొడ్డలితో గంటలు పట్టు పని దీనితో నిమిషములలో ముగియును.

అయితే ఈ యంత్రమును కొనునపుడు "దీని బలమెంత?" అని అడుగువారే గాని "ఇది ఎంత అదురును?" అని అడుగువారు అరుదు. బలము వలన కలుగు లాభము ఆ దినముననే కనబడును. అదురు వలన కలుగు నష్టము కొన్ని సంవత్సరములకు గాని బయటపడదు. కాయకష్టముపై బ్రతుకు మనుజునకు చేతులే ఆస్తి గనుక, ఈ విషయమును ప్రతివారును తెలిసికొనుట అవసరము.

1. అదురు చేతికి చేయు హాని

రంపపు ఇంజను తిరుగునపుడును, గొలుసు పండ్లు కర్రను చీల్చునపుడును పుట్టు అదురు పిడుల ద్వారా వ్రేళ్లకు, అరచేతికి, మోచేతికి ప్రాకును. ఇది దినదినము సాగినచో మూడు విధముల హాని కలుగును. మొదటిది నరములకు. రెండవది సన్నని రక్తనాళములకు. మూడవది కండరములకును, కీళ్లకును.

తొలి గుర్తులు స్వల్పముగా నుండును. పని ముగిసిన పిమ్మట వ్రేళ్లలో తిమ్మిరియు, సూదులు గ్రుచ్చినట్లు చిమచిమలును కలుగును. కొన్ని నెలలకు ఆ తిమ్మిరి రాత్రివేళ నిద్ర లేపును. తరువాత చొక్కా గుండీ పెట్టుకొనుట, నేలపై పడిన నాణెమును తీయుట కష్టమగును. పిడికిలి బిగువు సడలును. చల్లని వేళలో వ్రేళ్ల కొనలు తెల్లగా పాలిపోయి, పిమ్మట నీలివన్నెకు తిరిగి, రక్తము మరల ప్రసరించునపుడు ఎఱ్ఱబడి మంటపెట్టును. దీనినే తెల్లవ్రేళ్ల వ్యాధి అందురు.

ఇచ్చట ఒక హెచ్చరిక గలదు. మనది ఉష్ణదేశము గనుక వ్రేళ్లు తెల్లబడుట మన మైదానములలో అరుదు. అంతమాత్రమున వ్యాధి లేదని తలచరాదు. నరములకు కలుగు హానికి చలితో నిమిత్తము లేదు. మన పనివారు తెల్లదనమునకై ఎదురుచూడక, తిమ్మిరినే మొదటి గుర్తుగా గ్రహింపవలెను. లంబసింగి, అరకు వంటి చలిప్రదేశములలో పని చేయువారు రెండింటిని కనిపెట్టి యుండవలెను.

2. ఇతర దేశముల అనుభవము

ఈ వ్యాధి మరరంపముతోనే పుట్టినది కాదు. 1911లో ఇటలీలో లొరిగా అను వైద్యుడు, గాలిసుత్తెలతో రాయి కొట్టువారి చేతులలో దీనిని వర్ణించెను. 1918లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రములో సున్నపురాతి గనుల పనివారిని డాక్టర్ ఆలిస్ హామిల్టన్ పరీక్షించి, యంత్రపు అదురునకును, చలికిని, వ్రేళ్ల పాలిపాటునకును గల సంబంధమును వెల్లడించెను.

పెట్రోలుతో నడచు గొలుసు రంపమును జర్మనీలో ఆండ్రియాస్ ష్టీల్ 1929లో తయారు చేసెను. ఆ కాలపు రంపమును మోయుటకు ఇద్దరు మనుష్యులు కావలసి యుండిరి. 1950 తరువాత ఒక్కడే పట్టుకొనదగు తేలిక రంపములు వచ్చినవి. రంపము ఒక్కని చేతికి రాగానే, అదురు మొత్తము ఆ ఒక్కని చేతులపైననే పడెను. జపానులోను, ఉత్తర ఐరోపాలోను అడవి పనివారు వందలకొలదిగా వ్యాధికి లోనైరి. జపానులో రంపము పట్టు కాలమును దినమునకు రెండు గంటలకు పరిమితము చేయవలసి వచ్చెను.

ఫిన్లండు దేశములో సువోముస్సల్మి ప్రాంతపు అడవి పనివారి చరిత్ర మనకు ధైర్యము నొసగును. 1972లో వారిలో నూటికి 40 మందికి తెల్లవ్రేళ్ల వ్యాధి యుండెను. 1990 నాటికి అది నూటికి 5కు తగ్గెను. ఈ మేలు మందుల వలన కలుగలేదు. ఆ కాలములో రంపపు అదురు కొలత 14 నుండి 2కు దిగుటయే ముఖ్య కారణము. కావున ఈ వ్యాధిని నివారింపవచ్చును. ఆ నివారణ యంత్రపు ఎన్నికలోనే మొదలగును.

3. బలమును, బరువును పోల్చుట

వృత్తిపనికి వాడు రంపములను మూడు తరగతులుగా గ్రహింపవచ్చును.

చిన్న తరగతి: ఇంజను పరిమాణము సుమారు 50 ఘన సెంటీమీటర్లు, బలము ఇంచుమించు 3 కిలోవాట్లు, అనగా 4 గుర్రపు బలము, పట్టీ, గొలుసు కాక బరువు సుమారు 5 కిలోలు.

నడిమి తరగతి: సుమారు 70 ఘన సెంటీమీటర్లు, 4 కిలోవాట్లు, 6 నుండి 6.5 కిలోలు.

పెద్ద తరగతి: సుమారు 90 ఘన సెంటీమీటర్లు, 5 కిలోవాట్లు, 7 నుండి 8 కిలోలు.

తోటలలో పెరుగు సరుగుడు, నీలగిరి కర్రకు చిన్న తరగతి చాలును. ముదిరిన చింత, మఱ్ఱి, మామిడి మొదళ్లకు చిన్న రంపము చాలదు. దానిని బలవంతముగా అదిమి కోసినచో ఇంజనును, చేతులును కూడ చెడును. బ్యాటరీతో నడచు రంపములలో పొగ లేదు, అదురు సాధారణముగా తక్కువ. కాని దినమంతయు సాగు అడవి పనికి అనేక బ్యాటరీలు కావలసియుండును.

4. అదురును పోల్చుట

అదురును త్వరణముగా, సెకను వర్గమునకు ఇన్ని మీటర్లని కొలుతురు. మంచి తయారీదారులు ఎడమ పిడికిని, కుడి పిడికిని వేర్వేరుగా ఈ సంఖ్యను యంత్రముతో నిచ్చు పుస్తకములో ముద్రింతురు. రెండింటిలో పెద్దదానినే లెక్కకు తీసికొనవలెను. ఐరోపా సమాఖ్య 2002లో చేసిన శాసనము ప్రకారము, ఎనిమిది గంటల దినమునకు సగటు అదురు 2.5 చేరినచో జాగ్రత్తలు మొదలిడవలెను. 5ను ఎన్నడును దాటరాదు.

ఈ లెక్కలో గమనింపదగిన సూత్రమొకటి గలదు. అదురు రెండింతలైనచో, పని చేయదగు కాలము సగమునకు గాక నాలుగవ వంతునకు తగ్గును. ఉదాహరణమునకు, 3.5 అదురు గల చిన్న రంపముతో నాలుగు గంటలు కోసిన పిమ్మట 2.5 అను మేర వచ్చును. 7 అదురు గల పెద్ద రంపముతో ఒక్క గంటలోనే ఆ మేర వచ్చును. పెద్దదాని బలము 5 కిలోవాట్లు, చిన్నదాని బలము 3 అనుకొందము. ఆ మేరకు లోబడి పెద్దది చేయు పని 5 భాగములైనచో, చిన్నది చేయు పని 12 భాగములు. కావున సన్నని కర్రకు పెద్ద రంపమును వాడుట లాభము కాదు. అది చేతులను వ్యర్థముగా ఖర్చుచేయుట మాత్రమే.

పుస్తకములోని సంఖ్య క్రొత్త యంత్రమునకు చెందినది. పాతబడిన రంపము అంతకు మించి అదురును. అసలు అదురు సంఖ్యయే ఈయక బలమును మాత్రమే పెట్టెపై చాటు యంత్రమును కొనకుండుట మేలు.

5. బాగుచేతలో సౌలభ్యము

బాగుచేతకు లొంగని మంచి రంపము కొలదికాలములో చెడ్డ రంపమగును. పిడులకును ఇంజనుకును నడుమ రబ్బరు దిమ్మెలు గాని ఉక్కు స్ప్రింగులు గాని అమర్చి అదురును అడ్డుదురు. పెట్రోలు, నూనె, వేడిమి తగిలి రబ్బరు క్రమముగా పగులును. ఇంజను ఆపి, పిడిని పట్టి ఊపి చూచినపుడు అది మునుపటికంటె వదులుగా ఊగినను, లోహము లోహమునకు తగిలినను దిమ్మెలను మార్చవలెను. అవి సమీపమున దొరకునా, ఊరి మెకానిక్కు సాధారణ పనిముట్లతో వానిని మార్చగలడా అని కొనుటకు ముందే విచారింపవలెను.

గొలుసు పదును మఱింత ముఖ్యము. పదునైన గొలుసు చెక్కు రేకులను విసరును. మొద్దుబారినది పిండి వంటి పొట్టును రాల్చును. పొట్టు కనబడగానే పని ఆపి, గుండ్రని ఆకురాయితో పండ్లన్నిటిని సమానముగా సానపెట్టవలెను. ఒక ప్రక్క పండ్లు పొడవుగాను, వేరొక ప్రక్కవి పొట్టిగాను ఉన్నచో కోత వంకరపోవును, అదురు పెరుగును. గాలి వడపోత జల్లెడను దినమునకొకసారి శుభ్రపరచవలెను. గొలుసు చక్రపు అరుగుదలను, గొలుసు బ్రేకును తఱచు పరీక్షింపవలెను.

6. జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు

(అ) కోతను ఇద్దరు ముగ్గురు పంచుకొని, నడుమ నడుమ కొమ్మలు తీయుట, దుంగలు పేర్చుట వంటి పనులు చేయవలెను.

(ఆ) పిడిని అవసరమునకు మించి బిగించి పట్టరాదు. బరువును కోతపై మోపనీయవలెను.

(ఇ) చేతులను వెచ్చగాను, పొడిగాను ఉంచుకొనవలెను. చేతి తొడుగులు ఇందుకు మంచివి. కాని అవి అదురును ఆపునని నమ్మరాదు.

(ఈ) పొగాకు రక్తనాళములను కుదించును గనుక దానిని మానవలెను.

(ఉ) రంపపు మ్రోత నూరు డెసిబెల్లను మించును. చెవి కప్పులు లేనిదే పని మొదలిడరాదు.

(ఊ) తిమ్మిరి రాత్రికిని తగ్గనిచో వైద్యుని చూచి, తాను మరరంపముతో పని చేయుదునని తప్పక చెప్పవలెను.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తివ్యాధుల పట్టికలో అదురు వలన కలుగు వ్యాధులును చేరియున్నవి. తొలిదశలో అదురునకు దూరమైనచో చాలమందికి గుణము కనబడును. ముదిరిన పిమ్మట నరముల స్పర్శ తిరిగి వచ్చుట దుర్లభము. దానిని మరల తెచ్చు మందు లేదు. టన్నుల లెక్కన కూలి ముట్టు చోట పనివాడు తనకు తానుగా విశ్రాంతి తీసికొనజాలడు. కావున తగిన రంపమును ఎన్నుట, దిమ్మెలను సకాలమున మార్పించుట, కోత వంతులను ఏర్పరచుట గుత్తేదారుని విధి. తిమ్మిరిని దాచక చెప్పుట పనివాని విధి. ఇరువురును తమ విధిని నెరవేర్చినచో చెట్టు కూలునే గాని చేయి చెడదు.