పేరు కదలకూడదు

పొదుపు సంఘాల లెక్కలు ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటర్లో రాస్తున్నారు. ఎక్సెల్‌లో అన్నీ గడులే. ఎడమ పక్క వరుస నంబరు, పేరు ఉంటాయి. పైన నెలలు ఉంటాయి. నెలకు మూడు గడులు: పొదుపు, అప్పు కంతు, వడ్డీ. ఏడాదికి 36 గడులు!

ఇన్ని గడులు తెరమీద పట్టవు. డిసెంబరు లెక్క చూడాలంటే పక్కకు జరపాలి. జరిపితే పేర్లు కనపడవు. మరి ఆ 500 రూపాయలు ఎవరు కట్టినట్టు? పై వరుస ఆమా? కింది వరుస ఆమా? ఒక్క వరుస తప్పితే చాలు. కట్టినామె బాకీ పడినట్టు కనపడుతుంది.

దీనికి ఉపాయం ఉంది. పేర్లను కదలకుండా నిలపవచ్చు.

1. ముందు పద్దు మొదటికి రండి. నెలలు 1వ వరుసలో, పేర్లు ‘బి’ నిలువు వరుసలో ఉన్నాయనుకోండి.
2. ‘సి2’ గడి నొక్కండి.
3. పైన ‘వ్యూ’ నొక్కండి.
4. ‘ఫ్రీజ్ పేన్స్’ నొక్కండి. కింద మళ్లీ అదే మాట వస్తుంది. దాన్నీ నొక్కండి.

ఇక ఎంత జరిపినా పేర్లు, నెలలు అక్కడే ఉంటాయి. వద్దనుకుంటే ‘అన్‌ఫ్రీజ్ పేన్స్’ నొక్కాలి.

ఒక్కమాట. ఇది తెరమీదే పనిచేస్తుంది. కాగితం మీద అచ్చు తీస్తే రెండో కాగితంలో పేర్లు రావు. దానికి ‘పేజ్ లేఅవుట్’లో ‘ప్రింట్ టైటిల్స్’ వాడాలి.

లెక్క ఎవరు రాసినా సొమ్ము మనది. మీ పేరు, మీ అంకె ఒకే వరుసలో చూసుకోండి. ఆ తర్వాతే సంతకం పెట్టండి.

చెప్పండి:
1. పేర్లు కనపడకపోతే ఏం నష్టం?
2. పేర్లు ‘ఎ’ వరుసలో ఉంటే ఏ గడి నొక్కాలి?