సబ్సిడీ ఏ బల్ల మీద ఆగింది?

సందేహాలు – సమాధానాలు

*ఆలూర్‌ల నాకు రెండున్నర ఎకరాల పసుపు ఉంది. డ్రిప్పుకు పోయినేడు దరఖాస్తు పెట్టిన, మంజూరైందన్నరు. ఇప్పుడు డీలరు ‘సర్కారు మా పాత బకాయిలే ఇస్తలేదు, మొత్తం పైసలు నువ్వే కట్టు, సబ్సిడీ వచ్చినంక వాపస్ ఇస్త’ అంటున్నడు. కట్టాల్నా సారూ?*
– ఒక రైతు, ఆలూర్

కట్టకండి. డ్రిప్పు సబ్సిడీ మీ ఖాతాలో పడే డబ్బు కాదు. సామాను బిగించి, నీళ్లు వదిలి చూసి, అధికారులు ఫొటోలతో సహా తనిఖీ చేశాక అది నేరుగా కంపెనీకి వెళ్తుంది. మీరు కట్టాల్సింది మీ వాటా మాత్రమే. అదీ మంజూరు పత్రంలో ఉన్న పేరు మీదే, రసీదుతోనే. చేతిలో నగదు పెట్టి ‘వాపస్ ఇస్త’ అన్న మాట పట్టుకుని తిరిగితే రేపు ఏ ఆఫీసూ మీ పక్షాన మాట్లాడలేదు. అది మీకూ డీలరుకూ మధ్య చేబదులు అయిపోతుంది.

అయితే డీలరు చెప్పేది ఉత్త అబద్ధమని కూడా నేననను. లెక్క చూడండి. చిన్న, సన్నకారు రైతుకు మన రాష్ట్రంలో 90 శాతం సబ్సిడీ. ఎస్సీ, ఎస్టీ రైతులకు 100, బీసీలకు 90, మిగతావారికి 80. కేంద్ర పథకం మాత్రం చిన్న రైతుకు 55 శాతమే ఒప్పుకుంటుంది. ఆ 55 కూడా కేంద్రం, రాష్ట్రం 60:40 చొప్పున పంచుకోవాలి. అంటే యూనిట్ ఖర్చు వంద రూపాయలైతే కేంద్రం ఇచ్చేది 33. రాష్ట్రం తన వాటాగా 22, ఆపైన తను ప్రకటించుకున్న అదనం 35, కలిపి 57 పెట్టాలి. మీరు పది. ఎక్కువ శాతం ప్రకటించిన సర్కారుకు ఎక్కువ చప్పట్లు పడతాయి, ట్రెజరీకి ఎక్కువ బరువు పడుతుంది. ఖజానా బిగుసుకున్న ఏడాది ముందు ఆగేది ఇలాంటి బిల్లులే. జీతాలు ఆపితే ఉద్యోగులు రోడ్డెక్కుతారు, పైపుల కంపెనీ బిల్లు ఆపితే ఎవరెక్కుతారు?

కేంద్రం 33 అయినా సమయానికి వస్తుందా అంటే, దానికీ మెలిక ఉంది. ముందు విడత ఖర్చు పెట్టినట్టు వినియోగ పత్రం, ఆఫీసు భాషలో ‘యూసీ’, పంపితేనే తర్వాతి విడత. రాష్ట్ర వాటా జమ కాక ఖర్చు ఆగుతుంది. ఖర్చు లేక యూసీ ఆగుతుంది, యూసీ లేక కేంద్రం డబ్బు ఆగుతుంది. ఈ సుడిగుండంలో మార్చి 31 దాటిందా, ఫైలు కొత్త సంవత్సరంలో మళ్లీ మొదటికొస్తుంది.

కాబట్టి ఉద్యానశాఖ ఆఫీసుకు వెళ్లినప్పుడు ‘ఎప్పుడొస్తయి?’ అని అడగకండి. దానికి అక్కడ ఎవరి దగ్గరా జవాబుండదు. ‘నా ఫైలు ఇప్పుడు ఏ దశలో ఉంది, ఏ తారీఖున అక్కడికి చేరింది?’ అని అడగండి. మంజూరు ఉత్తర్వు నంబరు రాసుకోండి. ఇంకో మాట. పసుపు జూన్‌లో పెడతాం, బోదెల మీద లేటరల్ పైపులు ముందే పరవాలి. సెప్టెంబరులో వచ్చిన సామాను ఆ పంటకు సగం దండుగ. మే నెలాఖరుకు సామాను దిగకపోతే ఈ ఏడు కాలువ తడులకే సిద్ధపడి, డ్రిప్పు వచ్చే పంటకు అనుకోండి. మంజూరును మాత్రం వదులుకోకండి.

*మా గుంపుల సేంద్రియ పసుపు చేస్తున్నం. రెండో ఏడు పైసలు కొందరికి పడ్డయి, నాకు పడలే. ఆఫీసుల ‘పంపినం’ అంటరు, బ్యాంకుల ‘రాలే’ అంటరు.*
– ఒక మహిళా రైతు, ఆర్మూర్ ప్రాంతం

అమ్మా, కొందరికి పడి మీకు పడలేదంటే ఆగింది ఖజానాలో కాకపోవచ్చు, ముందు మీ ఖాతా సంగతి చూడండి. ‘ఆధార్ లింకు ఉంది’ అని బ్యాంకువాళ్లు అనగానే తిరిగొచ్చేస్తాం. ఖాతాకు ఆధార్ నంబరు జతచేయడం వేరు, సర్కారు డబ్బు ఈ ఖాతాకే రావాలని సీడింగ్ చేయించడం వేరు. మీకు రెండు మూడు ఖాతాలుంటే, చివరగా సీడింగ్ చేయించిన బ్యాంకుకే డబ్బు పోతుంది. సంఘం లోనుకోసమో గ్యాస్ సబ్సిడీకోసమో ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో మీ పైసలు హాయిగా పడి ఉన్నా ఉండొచ్చు. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిశాయి. పాత ఐఎఫ్‌ఎస్‌సీ నంబర్లతో గుంపు జాబితా తయారై ఉంటే అదో చిక్కు. పట్టా పుస్తకంలో ఒక పేరు, ఆధార్‌లో ఇంటిపేరుతో కలిపి ఇంకో పేరు ఉన్నాయేమో కూడా చూడండి.

మొత్తం ఎంత రావాలో తెలుసుకుని వెళ్లండి. మీలాంటి సేంద్రియ గుంపులకు సాయమిచ్చే పరంపరాగత్ కృషి వికాస్ యోజన 2015-16లో మొదలైంది. తొలి ఏళ్లలో హెక్టారుకు మూడేళ్లకు 50 వేలు, అందులో 31 వేలు రైతు ఖాతాకు. తర్వాత నిబంధనలు మారి మొత్తం 31,500 అయింది, నేరుగా రైతుకు చేరేది 15 వేలు. ఎకరాకు లెక్క కడితే మూడేళ్లకు ఆరు వేలు. నన్నడిగితే, ఈ మొత్తం చిన్నదవడం కంటే రాకూడని నెలలో రావడమే ఎక్కువ నష్టం. వేపపిండి, ట్రైకోడెర్మా దుక్కిలో పడాలి. డబ్బు పసుపు ఉడకబెట్టేటప్పుడు వస్తే దుంపకుళ్లు ఆగుతుందా? అప్పటికి రైతు భయపడి మందు కొట్టి ఉంటాడు, మూడేళ్ల సర్టిఫికెట్ కష్టం గంగలో కలుస్తుంది. మీరు మాత్రం కొట్టకండి. దుంపకుళ్లు కనబడితే కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన కేంద్రంలో అడగండి.

*సబ్సిడీ ఏడాది ఆలస్యమైతే వడ్డీ అడగొచ్చా?*
– ఒక పాఠకుడు, నిజామాబాద్

అడగొచ్చు, ఇచ్చే నిబంధన లేదు. విచిత్రమేమిటంటే, కేంద్రం పంపిన డబ్బును రాష్ట్రం నిర్ణీత ఖాతాకు 30 రోజుల్లో మళ్లించకపోతే 7 శాతం వడ్డీ కేంద్రానికి కట్టాలి. సర్కారుకు సర్కారు వడ్డీ కడుతుంది, మధ్యలో మిత్తికి తెచ్చిన రైతుకు సున్నా. కూలీల విషయంలో 2005 నాటి ఉపాధి హామీ చట్టం మెరుగు. కూలి 15 రోజులు దాటితే రోజుకు 0.05 శాతం పరిహారం అంది. స్కాట్లండ్‌లో కంప్యూటర్ వ్యవస్థ మొరాయించి రైతుల చెల్లింపులు ఆగినప్పుడు, 2016లో అక్కడి ప్రభుత్వం రావాల్సిన మొత్తంలో అధిక భాగాన్ని ముందుగా అప్పు రూపంలో ఇచ్చి, తర్వాత సబ్సిడీలోంచి మినహాయించుకుంది. ఆ పని ఇక్కడ చేయడానికి చట్టం అడ్డు రాదు, మనసే రావాలి.

*ఆలూర్ కొత్త మండలం కదా, సమాచార హక్కు దరఖాస్తు ఎక్కడియ్యాలె?*
– ఒక యువ రైతు, ఆలూర్

2022లో మండలం మారకముందు పెట్టిన ఫైలైతే ఆర్మూర్ పేరు మీదే ఉండొచ్చు. అందుకే తిప్పలు లేకుండా జిల్లా ఉద్యాన అధికారి కార్యాలయానికే ఇవ్వండి. రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ‘ఎందుకు ఇవ్వలేదు’ అని రాస్తే అది సమాచారం కాదంటారు. తనిఖీ జరిగిన తేదీ, బిల్లు ట్రెజరీకి పంపిన తేదీ, టోకెన్ నంబరు, ఈ మూడే అడగండి. ఆ కాగితం చేతిలో ఉంటే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లినప్పుడు మీ మాటకు బరువుంటుంది.

*నేను కౌలు రైతును. నాకు డ్రిప్పు ఇస్తరా?*
– పేరు వద్దన్నారు

నిబంధనల్లో ఉంది. దరఖాస్తు నాటినుంచి కనీసం ఏడేళ్ల కౌలు ఒప్పందం చూపాలి. ఏడేళ్లకు కాగితం రాసిచ్చే పట్టాదారు మీకు దొరికితే నాకూ ఓ ఉత్తరం ముక్క రాయండి, నేనింకా చూడలేదు.