ఇనుప రజను – చర్మపు క్యాన్సరు

ఇసుకలోని యినుప రజనును అయస్కాంతముతో వేరుచేయుట మీరెరిగినదే. ఆ గుణమే నేడు వైద్యున కుపకరించుచున్నది.

చర్మమునకు రంగునిచ్చు జీవకణములలో పుట్టు క్యాన్సరునకు మెలనోమా యని పేరు. పైకి పుట్టుమచ్చవలె నుండియు నది శోషరస నాళముల వెంట లోలోపల పాకగలదు. అట్లు పాకునపుడు సాధారణముగా మొదట చేరు గ్రంథిని ‘కావలి గ్రంథి’ యందురు. దానిని నీలిరంగు సాయమున గుర్తించు పద్ధతిని అమెరికాలో డోనాల్డు మోర్టను మొదలగువారు 1992లో ప్రకటించిరి. పిమ్మట రేడియోధార్మిక పదార్థము వాడుకకు వచ్చెను. దానికి మారుగా ఇనుప ఆక్సైడు రేణువులను వైద్యులు రోగులయందు పరీక్షించిరి. ఈ రేణువులు నానోమీటర్లలో కొలవదగినవి. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు! మచ్చ చెంత సూదితో నెక్కించిన రేణువులు కావలి గ్రంథిలో చిక్కుకొనును. వైద్యుని చేతి సాధనము అయస్కాంత గుణమునుబట్టి దాని చోటు తెలుపును. అందు వ్యాధి లేనిచో తక్కిన గ్రంథులను కోయ నక్కరలేదు. రోగికిది చిన్న మేలు కాదు.

ఇక చికిత్స. వేగముగా దిశ మారు అయస్కాంత క్షేత్రమున నీ రేణువులు వేడెక్కును. షికాగోలో గిల్‌క్రిస్టు మొదలగువారు 1957లోనే యీ యూహను శోషరస గ్రంథులపై పరీక్షించిరి. కంతి 42–45 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి వచ్చినచో అందలి జీవకణములు నశింపగలవు. కాని రేణువులు చాలినన్ని కంతిలోనే నిలువవలెను గదా! చిక్కంతయు నచ్చటనే. మెలనోమా విషయమున నీ పద్ధతి యింకను ముఖ్యముగా ప్రయోగశాలలలో, ఎలుకలపై పరిశోధనలలోనే యున్నది.