ఈకను దిద్దలేం... ఎంచుకోగలం!

నచ్చని ఈకకు రంగు పూసి మంచి ఈకగా మార్చిన పెంపకందారు లోకంలో లేడు. అయినా లేస్డ్ ఆర్పింగ్టన్ కోళ్లను పెంచేవాళ్లు తరం తరానికీ ఈకల అందాన్ని పెంచుతూనే ఉంటారు. ఎలా? ఉన్న ఈక జోలికి వెళ్లరు. ఏ ఈక మళ్లీ పుట్టాలో ఎంచుకుంటారు.

మన స్వభావమూ ఇలాగే మారుతుంది. నిన్న నోరు జారిన మాటను వెనక్కి తీసుకోలేం. వృథా చేసిన నెలను తిరిగి తెచ్చుకోలేం. నిన్నటి పనుల్లో ఏది రేపు మళ్లీ జరగాలి, ఏది ఇంతటితో ఆగిపోవాలి అన్నది మాత్రం మన చేతిలోనే ఉంటుంది. ఆ ఎంపికలో ఈ కోళ్ల పెంపకం మంచి శిక్షణ ఇస్తుంది.

ముందు కోడి సంగతి. ఇంగ్లండులో ఆర్పింగ్టన్ అనే ఊరుంది, అప్పట్లో అది కెంట్ ప్రాంతంలో ఉండేది. అక్కడ విలియం కుక్ అనే ఆయన మినోర్కా, లాంగ్‌షాన్, ప్లిమత్ రాక్ జాతుల్ని కలిపి 1886లో నల్ల ఆర్పింగ్టన్‌ను తయారుచేశాడు. ఆ తర్వాత తెల్లవి, 1894లో లేత బంగారు రంగు బఫ్ కోళ్లు వచ్చాయి. లేస్డ్ రకాలు ఇంకా తర్వాతివి. వీటిలో బంగారు రంగు ఈకకో వెండి రంగు ఈకకో చుట్టూ నల్లని గీత ఉంటుంది, పట్టుచీరకు అంచులా. ప్రతి ఈకకూ ఆ అంచు సమంగా, తెగకుండా ఉండాలి. చెప్పడం తేలిక, సాధించడానికి ఏళ్లు పడుతుంది.

1. ముందు ఒళ్లు, తర్వాత సొగసు

కుక్ నలుపు రంగును ఊరికే ఎంచుకోలేదు. అప్పటి లండన్ పొగకూ మసికీ నల్లకోడి మాసినట్టు కనిపించదు. గుడ్లూ మాంసమూ రెండూ ఇచ్చే కోడి ఆయనకు కావాలి. అవసరం ముందు, అలంకారం తర్వాత.

అనుభవమున్న పెంపకందారు ఇప్పటికీ అదే వరుస పాటిస్తాడు. వెడల్పైన ఛాతీ, లోతైన ఒళ్లు, గట్టి కాళ్లు ఉన్నాయో లేదో మొదట చూస్తాడు. ఈక వంతు ఆ తర్వాతే. ఎందుకంటే చెడిన ఒళ్లును నిలబెట్టుకోవడం కంటే చెడిన రంగును సరిచేసుకోవడం సులువు. మీరూ అంతే. మాటతీరు, వేషం, సర్టిఫికెట్ల గురించి ఆలోచించే ముందు నిద్ర, ఆరోగ్యం, చేతిలోని పనిలో నైపుణ్యం ఎలా ఉన్నాయో చూసుకోండి.

2. లోపానికి పేరు పెట్టండి, ఒక్కదాన్నే పట్టుకోండి

‘ఈక బాగాలేదు’ అంటే ఏమీ చెప్పనట్టే. అంచు మరీ సన్నగా ఉందా? నల్లని అంచుకు బయట మళ్లీ లేతరంగు గీత వచ్చిందా? శుభ్రంగా ఉండాల్సిన ఈక నడుమ నల్లని మరకలు పడ్డాయా? ఇవి మూడు వేర్వేరు లోపాలు, మూడింటికీ వేర్వేరు జోడీలు కావాలి. మన గోదావరి జిల్లాల్లో ఈకల రంగును బట్టే పుంజును కాకి అనీ డేగ అనీ నెమలి అనీ ఇట్టే తేల్చేసే పెద్దలున్నారు. అంత నిశితంగా చూసే కన్ను ఉంటేనే ఎంపిక సాధ్యం.

‘నాకు క్రమశిక్షణ లేదు’ అని నిట్టూర్చకండి. ‘పొద్దున మొదటి గంట ఫోనుకే పోతోంది’ అనండి. ఇప్పుడు పట్టుకోవడానికి ఒక కొస దొరికింది. ఈ ఏడు ఈ ఒక్కదాన్నీ పట్టుకోండి. ఒకేసారి అయిదు లోపాల మీద పడితే ఎంచుకోవడానికి ఒక్క కోడీ మిగలదు.

3. అతికి విరుగుడు మరో అతి కాదు

అంచు మరీ సన్నగా ఉన్న పెట్టకు అంచు మరీ మందంగా ఉన్న పుంజును జత చేస్తే పిల్లలన్నీ మధ్యరకంగా వస్తాయని కొత్తవాళ్లు అనుకుంటారు. కానీ ఆ పిల్లలు అటూ ఇటూ చెదిరిపోవచ్చు. తెలిసినవాళ్లు ఆ పెట్టకు అంచు సరిగ్గా ఉన్న పుంజునే తెస్తారు.

నెల రోజులు బద్ధకంగా గడిపి, తర్వాత వారం రోజులు నిద్ర మానేసి పనిచేస్తే సగటు బాగుంటుందా? ఖర్చుకు భయపడి పిసినారి అయితే పొదుపు వస్తుందా? లోపాన్ని దాని వ్యతిరేకంతో కాకుండా సరైనదానితో సరిదిద్దండి.

4. తీర్పుకు తొందరపడకండి

పిల్ల గుడ్డులోంచి బయటపడటానికి 21 రోజులు చాలు. దాని అసలు అంచు తెలియాలంటే మాత్రం నెలలు ఆగాలి. మొదట నూగు, తర్వాత పిల్ల ఈకలు, అవి రాలాక పెద్ద ఈకలు వస్తాయి. పిల్ల ఈకల్లో చిందరవందరగా కనిపించిన అంచు పెద్ద ఈకల్లో చక్కగా కుదురుకోవచ్చు. వంకరకాలి పిల్లను వెంటనే పక్కన పెట్టొచ్చు. రంగు తీర్పు మాత్రం అయిదారు నెలల తర్వాతే.

కొత్తగా నేర్చుకుంటున్న విద్యను పదిహేను రోజులకే ‘ఇది నాకు రాదు’ అని వదిలేసేవాళ్లు ఈ వరుసను గుర్తుపెట్టుకోవాలి. హాని చేసే అలవాటును చూసిన వెంటనే ఆపండి. ప్రతిభ సంగతి తేల్చడానికి మాత్రం గడువివ్వండి.

5. పైకి కనిపించేదాన్నే నమ్మకండి

వెండి రంగు, బంగారు రంగు ఒకే జన్యువుకు రెండు రూపాలు. అది లింగాన్ని నిర్ణయించే క్రోమోజోమ్ మీద ఉంటుంది. పెట్టకు ఆ జన్యువు ఒక్కటే కాబట్టి వెండి పెట్ట లోపలా వెండే. పుంజుకు రెండుంటాయి. వెండి రూపం బలమైనది కనుక, పైకి వెండిలా మెరిసే పుంజు లోపల ఒక బంగారు జన్యువును మోస్తూ ఉండొచ్చు. దాన్ని వెండి పెట్టలతో కట్టించి పిల్లల్ని లేపితే గుట్టు బయటపడుతుంది. పెట్ట పిల్లల్లో దాదాపు సగం బంగారు రంగుతో వస్తాయి.

మన సంకల్పాన్నీ ఇలాగే పరీక్షించాలి. ఎంత గట్టిగా ప్రకటించామన్నది లెక్కలోకి రాదు. మూడు నెలల్లో దానివల్ల ఏం పుట్టిందో చూడండి.

పైకి కనిపించేదాన్ని నమ్మకపోవడానికి రెండో వైపూ ఉంది. అంచు నలుపుకు బదులు నీలంగా ఉండే కోళ్లనే తీసుకుందాం. నీలాన్ని నీలంతో కడితే సగటున పిల్లల్లో సగమే నీలం. పావు వంతు నల్ల అంచుతో, మరో పావు వంతు అంచు బాగా వెలిసిపోయి పుడతాయి. ఆ నల్ల అంచు కోడినీ ఆ వెలిసిన కోడినీ జత కట్టండి, పిల్లలన్నీ నీలి అంచుతోనే వస్తాయి! నీలి వర్గం పోటీలో నిలవలేని రెండు కోళ్లు కలిసి ఆ వర్గానికి కావలసినదాన్ని ఇచ్చాయి. భాగస్వామిని వెతికేటప్పుడు, బృందాన్ని కూర్చేటప్పుడు అచ్చం మీలాంటివాళ్ల కోసమే చూడకండి.

6. అరువు తెస్తే సామానూ వస్తుంది

అంచు లేని ఆర్పింగ్టన్‌కు అంచు తేవడానికి ఒక దారి, లేస్డ్ వయాండాట్ జాతితో కలపడం. అయితే వయాండాట్ అంచుతో పాటు గులాబీ ఆకారపు తల జుట్టూ పసుపు కాళ్లూ తెస్తుంది. ఆర్పింగ్టన్‌కు ఒంటిరేకు జుట్టు కావాలి, లేస్డ్ రకానికి తెల్ల కాళ్లు ఉండాలి. మొదటి తరంలో జుట్టు చెడుతుంది, పసుపు దాక్కుంటుంది. ఆ పిల్లల్నే తమలో తాము కలిపితే, ఒంటిరేకు జుట్టుతో పాటు పసుపు దాగని తెల్ల కాళ్లున్నవి సగటున 16కి ఒకటే. అంచు కుదరడం అనే షరతు దీనికి అదనం. అందుకే ఎక్కువ గుడ్లు పొదిగించాలి, చాలావాటిని వదులుకోవాలి, మళ్లీ మళ్లీ సొంత జాతి వైపు తిరగాలి.

ఎవరి విజయసూత్రమో తెచ్చి జీవితంలో పెట్టుకునేటప్పుడు ఇదే జరుగుతుంది. తెల్లవారుజామున లేచే వ్యాపారవేత్త దినచర్యతో పాటు ఆయన ఒంటరితనమూ రావచ్చు. కావలసిన గుణాన్ని తీసుకోండి, మిగతాదాన్ని వడకట్టే ఓపిక ఉంటేనే తీసుకోండి.

7. రాసిపెట్టని ఎంపిక ఎంపికే కాదు

పిల్ల లేవగానే కాలికి గుర్తు రింగు వేస్తారు, లేదా కాలివేళ్ల మధ్య పొరకు గుర్తు పెడతారు. ఏ పుంజుకు, ఏ పెట్టకు పుట్టిందో పుస్తకంలో రాస్తారు. ఆ పుస్తకం లేకపోతే మంచి పిల్ల పుట్టినా ఎందుకు పుట్టిందో తెలియదు. మనకూ బాగా గడిచిన రోజులుంటాయి. వాటికి ముందు రోజు ఏం చేశామో మాత్రం గుర్తుండదు. రోజుకు రెండు వాక్యాలు రాసుకోండి, చాలు.

8. మెరుపు కోసం మూలాన్ని అమ్ముకోకండి

ఆర్పింగ్టన్ చరిత్రలో పెద్ద హెచ్చరిక ఒకటుంది. ప్రదర్శనల మోజులో ఈకల గుబురునే పెంచుకుంటూ పోయేసరికి ఈ జాతిలో గుడ్లు పెట్టే శక్తి తగ్గింది. వెనక భాగంలో ఈకలు మరీ దట్టమైతే జత కుదరక గుడ్లు ఫలించవు. చివరికి పిల్లల కోసం ఆ ముచ్చటైన ఈకల్నే కత్తిరించాల్సి వస్తుంది. మెప్పు కోసం పెంచుకున్నది పనికి అడ్డం రాకూడదు. మీ హోదా, మీ ఫాలోయర్ల లెక్క మీ అసలు పనిని మింగేస్తోందేమో ఏటా ఒకసారి లెక్క చూసుకోండి.

ఈ ఆదివారం ఒక కాగితం తీసుకుని మూడు వరుసలు గీయండి. మొదటి వరుసలో గత నెల బాగా ఫలించిన ఒక పని రాయండి. దాన్ని వచ్చే నెలలో ఏ రోజుల్లో మళ్లీ చేస్తారో తేదీలు వేయండి. రెండో వరుసలో పేరు పెట్టి మరీ ఒక్క లోపం. మూడో వరుసలో ఆ లోపం లేని ఒక మనిషి పేరు, ఆయనతోనో ఆమెతోనో కలిసి చేయబోయే పని. నెలాఖరున కాగితం తీసి ఫలితం చూడండి. పనికొచ్చినదాన్ని ఉంచండి, పనికిరానిదాన్ని నొచ్చుకోకుండా వదిలేయండి.