పాత వీడియో ఆటల యంగడి – కొనువారి వివేకము

జమ్మలమడుగు సంతలో వంకాయలు కొను గృహిణి ఒక్కొక్క కాయను త్రిప్పి చూచి, పుచ్చున్నదేమో యని పరీక్షించిన పిమ్మటనే సంచిలో వేయును. ప్రొద్దుటూరిలో బంగారము కొనువాడు గీటురాతిని నమ్మును గాని వర్తకుని మాటను మాత్రమే నమ్మడు. ఇట్టివారి నడుమ పెరిగిన మన బాలురు పాత వీడియో ఆటల పెట్టెను చూచినంతనే పరీక్షయు ప్రశ్నయు లేక రూపాయలు లెక్కపెట్టుట విచారకరము. బాలురనననేల? మేమును అట్లే మోసపోయితిమి. ఆ కథను ముందు చెప్పవలసియున్నది. కాని దానికి మునుపు ఈ వస్తువుల పుట్టుకను కొంచెము తెలిసికొనవలెను.

జపాను దేశమున క్యోటో నగరమునందు 1889వ సంవత్సరమున ఆటముక్కలు చేయుటకై స్థాపింపబడిన నింటెండో సంస్థ, 1983లో ఫ్యామికామ్ అను ఆటపెట్టెను వెలువరించెను. 1985లో అదియే వేరు రూపముతో అమెరికాలో ప్రవేశించెను. 1990 తరువాత మన దేశమున ఇంటింట టీవీకి తగిలించిన పెట్టెలు చాలవరకు దీని యనుకరణములే. ఆటను దాచియుంచు ప్లాస్టిక్ దిమ్మెలో టేపు లేకున్నను మనవారు దానిని క్యాసెట్టు అని పిలిచిరి; మేమును ఆ పేరునే వాడుదుము. 1994లో సోనీ సంస్థ ప్లేస్టేషన్‌ను జపానులో విడుదల చేసెను. దానితో ఆటలు డిస్కులలోనికి మారుట హెచ్చెను.

పాతవానిని కొనుట యేల యని కొందరడుగుదురు. నేడు ఆటలు అంతర్జాలమున అమ్మబడుచున్నవి. అమ్మువాడు తలుపు మూసినచో కొనగోరువానికి వేరు త్రోవ లేదు. 2023 మార్చి 27వ తేదీన నింటెండో సంస్థ తన 3డీఎస్, వీ యూ పెట్టెల ఆన్‌లైన్ అంగడిలో అమ్మకములను నిలిపివేసెను. ఆ సంవత్సరముననే వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వారు, అమెరికాలో 2010కి పూర్వము వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అమ్మకమున లేవని ప్రకటించిరి. కావున పాత ఆటల యంగడి ఒక విధముగా గ్రంథాలయపు పాత బీరువా వంటిది. జపానులో ఆటలు తయారుచేయువారు పాతవాని మారు విక్రయమును అడ్డగింపజూచిరి. కాని 2002 ఏప్రిల్ 25న ఆ దేశపు సుప్రీం కోర్టు అట్టి విక్రయము తప్పు కాదని తీర్పు చెప్పెను.

ఇక మా కథ. మా వసతిగృహపు బాలురు పన్నెండుగురు తలకు 250 రూపాయల చొప్పున కూర్చి, 3,000 రూపాయలు మా చేతికిచ్చి, నగరమునకు పోవుచున్న మమ్ము ఒక పాత ఆటపెట్టెను తెమ్మనిరి. వారిలో ఒకడు క్రిస్మసు సెలవులకు ఊరికి పోవుటకై దాచుకొనిన బస్సు ఛార్జీని ఇందు కలిపెను; ఆ సంగతి మాకు పిమ్మట తెలిసెను. అంగడివాడు పెట్టెను తుడిచి, మెరుపు చూపి, మంచిదని చెప్పెను. టీవీకి తగిలించి చూపుమని మేమడుగలేదు, బిల్లును అడుగలేదు, పెట్టెను వెనుకకు త్రిప్పి చూడనైన చూడలేదు. బస్సు వేళ మించుచున్నదని తొందరపడితిమి.

ఆ రాత్రి బాలురందరు చాపలు పరచుకొని కూర్చుండగా తీగను గోడకు తగిలించితిమి. చిన్న చప్పుడైనది, పొగ వచ్చినది, పెట్టె చల్లారినది. ఎవ్వరును మమ్మొకమాట యనలేదు. ఆ మౌనమే మాకు శిక్ష. ఫోనులో అడుగగా అంగడివాడు, అమ్మిన సరకు మరల తీసికొనమనెను. మరునాడు మన ఊరి టీవీ బాగుచేయు ముసలి మెకానిక్కు పెట్టెను వెనుకకు త్రిప్పి, వ్రేలితో చూపి, “సారూ, ఈడ రాసిండేది చదవలేదా?” అని యడిగెను. అచట 100 వోల్టులు అని స్పష్టముగా ముద్రింపబడియుండెను. జపానులో ఇంటి విద్యుత్తు 100 వోల్టులు, అమెరికాలో 120, మన దేశమున 230. ఇరువది సంవత్సరములుగా పిల్లలకు చదువు నేర్పుచున్న మేము ఆ ఒక్క పంక్తిని చదువక పోతిమి.

కాలిన ఫ్యూజును, పగిలిన కెపాసిటరును మార్చుటకు 650 రూపాయలును, విద్యుత్తును 100 వోల్టులకు తగ్గించు ట్రాన్స్‌ఫార్మరుకు 900 రూపాయలును అయ్యెను. ఆ 1,550 రూపాయలు మేమే చెల్లించితిమి. బస్సు ఛార్జీని ఆ బాలునికి మరల ఇచ్చితిమి. పెట్టె నేటికిని ఆడుచున్నది.

ఈ నష్టమువలన మేము నేర్చుకొన్న పరీక్షలను విద్యార్థుల మేలుకొరకు వ్రాయుచున్నాము.

మొదటిది: పెట్టె వెనుకను, అడాప్టరుమీదను ఉన్న వోల్టుల సంఖ్యను చదువవలెను. పిమ్మట అంగడిలోనే టీవీకి తగిలించి, కనీసము పావుగంట ఆడించి, ప్రతి బొత్తామును నొక్కి చూడవలెను. చల్లగా నున్నప్పుడు ఆడి వేడెక్కగానే ఆగిపోవు పెట్టెలు కలవు.

రెండవది: క్యాసెట్టు పెట్టెకు సరిపడునో లేదో చూడవలెను. ఫ్యామికామ్ క్యాసెట్టునకు 60 లోహపు స్పర్శలు, అమెరికా పెట్టె క్యాసెట్టునకు 72. ఒకటి మరియొకదానిలో దూరదు. బలవంతముగా నెట్టినచో రెండును చెడును.

మూడవది: క్యాసెట్టు ఆడనిచో నోటితో ఊదుట మన బాలురందరి అలవాటు. ఊపిరిలోని తేమవలన లోహము త్రుప్పు పట్టును. దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కొంచెము తడిపి తుడిచి, ఆరిన పిమ్మట పెట్టవలెను.

నాలుగవది: 1987లో అమెరికాలో వెలువడిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ వంటి క్యాసెట్టులలో, ఆడినంతవరకు జ్ఞాపకముంచుటకై నాణెమువంటి 3 వోల్టుల బ్యాటరీ యుండును. అది ఎండిపోయినచో ఆట నడచును గాని జ్ఞాపకము నిలువదు. కొనునప్పుడే ఆటను దాచి, పెట్టెను ఆర్పి, మరల వెలిగించి చూడవలెను.

అయిదవది: డిస్కునకు క్రిందివైపు గీతలను అందరును చూతురు. పేరు ముద్రించిన పైవైపును కూడ చూడవలెను. ఏలయనగా సీడీలో సమాచారపు పొర ఆ పైముఖము క్రిందనే పలుచగా నున్నది. క్రింది గీతను కొన్నివేళల సానబట్టవచ్చును. పైపొర లేచినచో మందు లేదు.

ఆరవది: తుపాకితో బాతులను కాల్చు ఆట పాత గాజుబుడ్డి టీవీమీదనే పనిచేయును. ఆ తుపాకి వెలుతురును కాల్చదు, గ్రహించును. తెరపై వెలుగు వచ్చు క్షణమును లెక్కించును. నేటి పలుచని టీవీలు బొమ్మను కొంచెము ఆలస్యముగా చూపుటచేత లెక్క తప్పును. ఇట్టి తుపాకి గురి తప్పినంతమాత్రమున చెడినదని యెంచరాదు.

ఏడవది: క్యాసెట్టుపై 99,999 ఆటలని వ్రాసియున్నచో ఆనందింపక లెక్కించుడు. మావద్దనున్న యొక దానిని మా బాలురు లెక్కింపగా, పదునారవ సంఖ్యనుండి మొదటి ఆటలే వేరు పేర్లతో మరల వచ్చెను. గణితము తెలిసినవానిని సున్నలు మోసగింపలేవు.

కడపటిది: బిల్లు తీసికొనుడు. బిల్లు ఉన్నవాడు వినియోగదారుల సహాయమునకై 1915 సంఖ్యకు ఫోను చేసి తన ఫిర్యాదును నిలుపుకొనగలడు. బిల్లు లేని మావలె నోరు మూసికొననక్కరలేదు.

అమ్మువాని ధర్మమును గూర్చియే గాక కొనువాని ధర్మమును గూర్చియు ఒక మాట. కొనునప్పుడు సరకును నిందించి, ఇంటికి పోయి తన బేరమును గొప్పగా చెప్పుకొను మనుష్యుని గూర్చి సామెతల గ్రంథపు ఇరువదవ అధ్యాయము మనకు జ్ఞాపకము చేయుచున్నది. అటకమీది పెట్టె విలువ నెరుగని ముసలివానివద్ద దానిని నూరు రూపాయలకు లాగికొనుటయు మోసమే. రేపు మీరే అమ్మువారైనప్పుడు లోపమును ముందుగా చెప్పుడు. పనికిరాని దానిని పెన్నలో పారవేయకుడు. పాత గాజుబుడ్డి టీవీలలో సీసము కలదు, దానిని ఎలక్ట్రానిక్ వ్యర్థములు సేకరించువారికే అప్పగింపవలెను.

విద్యార్థులారా, ఆటకొరకు చేసిన ఖర్చు పాపమని మేము చెప్పము. మీ తలిదండ్రులు మగ్గముమీదను చేనిలోను సంపాదించిన రూపాయిని చదువక, అడుగక, పరీక్షింపక ఇచ్చివేయుటయే తప్పు. వెనుకకు త్రిప్పి చదువుడు. ఆ యొక్క పని మేము చేసియుండినచో, ఆ రాత్రి పన్నెండుగురు బాలురు చీకటి తెర యెదుట కూర్చుండియుండరు.

అభ్యాసము

1. మా పెట్టెకు మొత్తమైన వ్యయమెంత? కొన్న వెలపై అదనపు వ్యయము నూటికెంత?
2. 100 వోల్టుల పెట్టెను 230 వోల్టులకు తగిలించిన నేమగును? కారణమును వ్రాయుడు.
3. మీ యింట ఆగిపోయిన పాత యంత్రమొకదానిని వెనుకకు త్రిప్పి, అచట వ్రాసియున్నదంతయు నకలు చేసి తెండు.