ఈ అంకె ఎక్కడిది? బీకాం ప్రాజెక్టుకు కొన్ని జాగ్రత్తలు

బాన్సువాడలో బీకాం చదివేవాళ్లకు మంచి ప్రాజెక్టు అంశం పొరుగునే ఉంది: బోధన్ నిజాం షుగర్స్. 1937లో మొదలై, 2002లో ప్రైవేటు చేతికి వెళ్లి, 2015 డిసెంబరులో మూతపడిన ఫ్యాక్టరీ. దాని గురించి ఎవరిని కదిలించినా బోలెడు కబుర్లు చెబుతారు. చిక్కంతా అక్కడే. వైవాలో ఎగ్జామినర్ "ఈ నష్టం అంకె ఎక్కడిది?" అని అడిగితే "గూగుల్‌లో ఉంది సార్" అంటే మార్కులు రాలవు.

చేయవలసినవి

ముందు కాలేజీ లైబ్రేరియన్‌ను కలవండి. ఈ-పుస్తకాలు, జర్నళ్లు అందించే ఎన్-లిస్ట్ లాగిన్ ఉందా, 2025 జనవరిలో మొదలైన జర్నళ్ల పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ మన కాలేజీకి వర్తిస్తుందా అని అడగండి. అవి లేకపోయినా ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ, పీహెచ్‌డీ థీసిస్‌లుండే శోధ్‌గంగ ఉన్నాయి. థీసిస్‌లో పట్టిక దొరికింది కదా అని సంబరపడి ఎత్తి రాసేయొద్దు. దాని కింద "ఆధారం" అని ఉన్న నివేదికను వెతికి పట్టుకోండి.

అంకెను అది పుట్టినచోటే చూడాలి. 2002కు ముందు ఫ్యాక్టరీ ప్రభుత్వానిది, కాబట్టి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాగ్ వాణిజ్య నివేదికల్లో వెతకండి. ఆ తర్వాతి కంపెనీ పత్రాల కోసం కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కొద్దిపాటి ఫీజు కట్టాలి. పత్రిక కటింగ్ దారి చూపడానికి పనికొస్తుంది, అంతకుమించి కాదు.

అంకె దించుకునేటప్పుడే నివేదిక పేరు, సంవత్సరం, పేజీ నంబరు రాసుకోండి. పట్టిక నెత్తిన "రూ. లక్షల్లో" అనో "రూ. కోట్లలో" అనో చిన్న అక్షరాలుంటాయి, అదీ రాసుకోండి. అది తప్పితే నష్టం వంద రెట్లు అయి కూర్చుంటుంది. చక్కెర మిల్లులకు ఇంకో మెలిక ఉంది. షుగర్ సీజన్ అక్టోబరు నుంచి సెప్టెంబరు దాకా, ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి దాకా. సీజన్ క్రషింగ్ టన్నులతో ఆర్థిక సంవత్సరపు అమ్మకాలను భాగిస్తే వచ్చేది నిష్పత్తి కాదు, గందరగోళం.

చేయకూడనివి

ఆడిటర్ సంతకం ఉంది కదా అని కళ్లు మూసుకోవద్దు. సత్యం కంప్యూటర్స్ 2008 సెప్టెంబరు 30 నాటికి నగదు, బ్యాంకు నిల్వలు రూ. 5,361 కోట్లని చూపింది. అందులో రూ. 5,040 కోట్లు లేనే లేవని 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజే లేఖ రాశారు. అలాంటి బ్యాలెన్స్ షీట్‌ను ఉదహరించవచ్చు, కానీ "కంపెనీ చూపింది" అని రాయాలి. "కంపెనీ దగ్గర ఉంది" అనకూడదు.

పాత పుస్తకాల్లోని సెక్షన్ నంబర్లు నేటి కంపెనీలకు తగిలించకండి. ఇప్పుడు నడిచేది 2013 కంపెనీల చట్టం. అయితే 2002 నాటి లెక్కల గురించి రాస్తుంటే 1956 చట్టమే సరైన ఆధారం. పాతదల్లా పనికిరాదనుకోవడమూ పొరపాటే.

చాట్‌బాట్ ఇచ్చిన రెఫరెన్సును తెరిచి చూడకుండా ఎక్కించొద్దు. రచయిత పేరు, సంపుటి, పేజీలు అన్నీ పద్ధతిగా ఉంటాయి, వ్యాసం మాత్రం ఎక్కడా ఉండదు. వాట్సాప్‌లో "రెండు రోజుల్లో పబ్లికేషన్, యూజీసీ కేర్ అప్రూవ్డ్" అని వచ్చే ప్రకటనలకు డబ్బు పంపకండి. ఆ కేర్ జర్నళ్ల జాబితానే యూజీసీ 2025లో ఎత్తేసింది. ఐఎస్ఎస్ఎన్ అంటారా, అది గుర్తింపు సంఖ్యే, నాణ్యతకు ముద్ర కాదు.

చెరకు రైతులను, పాత కార్మికులను కలిస్తే తేదీ, ఊరు వేసి ఇంటర్వ్యూగా చూపండి. వాళ్లు చెప్పిన బకాయి మొత్తాన్ని కంపెనీ లెక్కలతో కలిపేయొద్దు, పక్కపక్కన పెట్టండి. రసీదో పాస్‌బుక్కో చూపించారని వెంటనే ఫొటో తీసి అనుబంధంలో పెట్టకండి. ముందు వాళ్లను అడగండి, ఒప్పుకుంటే ఖాతా నంబరు, ఆధార్ నంబరు కనపడకుండా కప్పి పెట్టండి.