దేవుని పశ్చాత్తాపము: శబ్దార్థ విచారము

పల్నాటిసీమలో పిడుగురాళ్లకు చేరువనున్న గురజాలలో 1849లో హేయర్ అను లూథరన్ బోధకుడు క్రైస్తవ ప్రచారమునకు పూనుకొనెను. ఆ సీమ క్రైస్తవులు చదువు తెలుగు బైబిలులో ఒక శంకాస్థానము కలదు. సమూయేలు మొదటి గ్రంథము 15వ అధ్యాయమున, సౌలును రాజుగా చేసినందులకు దేవుడు పశ్చాత్తాపపడెనని 11, 35 వచనములు చెప్పుచున్నవి. ఆయన పశ్చాత్తాపపడడని 29వ వచనము చెప్పుచున్నది. ఈ విరోధమెట్లు పరిహృతమగును?

మూలమున మూడు చోట్లను ‘నాహమ్’ అను హీబ్రూ ధాతువే కలదు. దుఃఖించుట, ఓదార్పు పొందుట, సంకల్పము మార్చుకొనుట దాని యర్థములు. ‘పశ్చాత్తాపము’ అన్నచో తెలుగువారికి ముందు తప్పు స్ఫురించును. కావున దోషశంక అధికమగును. ఆదికాండము 6వ అధ్యాయమున అదే ధాతువునకు ‘సంతాపము’ అనుటచే ఆ శంక సన్నగిల్లినది.

సంకల్పమును మార్చుట వేరు, మార్పును సంకల్పించుట వేరు అని 13వ శతాబ్దిలో థామస్ అక్వినాస్ సమాధానము. నీనెవె ప్రజలు మారిరి, శిక్ష తొలగెను. ఇచట బ్రహ్మసూత్ర శాంకరభాష్యమందలి పర్జన్యదృష్టాంతము స్మరణీయము: వాన యొక్కటియే, బీజభేదముచే పంట భిన్నము. అయితే పర్జన్యము దుఃఖింపదు. సౌలు విషయమున దేవుడు దుఃఖించెను. ఆ దుఃఖమును కేవలము ఔపచారికమని త్రోసివేసినచో 29వ వచనము నిలుచును గాని 11వది నిరర్థకమగును. రెండింటిని నిలుపు వ్యాఖ్యయే గ్రాహ్యము.